అతుకు లేని జెండా

"నేను పోను. కావల్నంటే వాళ్లే వచ్చి ఈడ్చుకపోనీ," అన్నాడు వెంకటేశం తలపాగా చుట్టుకుంటూ.

పోననే మనిషికి తలపాగా ఎందుకని సుభద్రమ్మ అడగలేదు. మొగుడి నోటిది ఒక దారి, కాళ్లది ఒక దారి అని ఆమెకు కాపురానికొచ్చిన ఏడే తెలిసింది. ఇప్పుడా మాట ఎత్తితే గొంతులు లేస్తాయి. అసలే ఠాణా జవాను వాళ్ల అరుగు మీదే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. గోడలకు చెవులుంటాయంటారు. ఈ పొద్దు ఆ చెవులు బూట్లు తొడుక్కుని మరీ వచ్చి కూర్చున్నాయి.

నిన్న తెల్లవారేసరికి కోట దర్వాజా మీద మూడు రంగుల జెండా ఎగురుతోంది. ఢిల్లీలో ఆ జెండా ఎగిరి నెల దాటినా నిజాం రాజ్యంలో అది చేత్తో పట్టుకుంటే జైలే. జవాన్లు నిచ్చెన వేసి దించారు. ఊళ్లో ఇంతకుముందూ జెండాలు దొరికాయి. అవన్నీ కుట్టినవి, లేకుంటే రంగు పూసినవి. ఇది మాత్రం నేసిన జెండా. మూడు రంగులూ ఒక్క బట్ట, ఎక్కడా సూదిపోటు లేదు. ఏ మగ్గం మీది బట్టో పట్టి చూసి చెప్పగలిగినవాడు గద్వాలలో వెంకటేశం ఒక్కడేనని బజార్లో ఎవరో పుణ్యాత్ములు ఠాణా పెద్ద అమీను చెవిలో వేశారు. అందుకే ఈ పిలుపు.

అమీనుకు తెలియనిదీ ఈ ఇంట్లో అందరికీ తెలిసిందీ ఒకటుంది. ఆ జెండా ఇక్కడే, ఆ మూల గుంతమగ్గం మీదే పుట్టింది. నేసినవాడు వెంకటేశం కన్నకొడుకు కురుమూర్తి. వాడి పక్కన కూర్చుని అవతలి అంచు దారం దూర్చే నాడె నడిపింది కోడలు సరోజ. ముసలివాళ్లిద్దరూ పాన్‌గల్‌లో కూతురికి పురుడు పోయడానికి పోయినప్పుడు జరిగిన ఘనకార్యమది.

వెంకటేశం మగ్గం దగ్గరికి పోయి కొడుకు మీదికి వంగాడు. గొంతు తగ్గించి తిట్టడం ఆయనకు అలవాటు లేని పని. మెడ నరాలు ఉబ్బాయి.

"దర్జీ కాడికి పొయ్యి మూడు పేలికలు కుట్టిచ్చుంటే ఏం బోతుండెరా? ఏ దర్జీ కుట్టిండో ఎవని తాతకు తెలుస్తుండె?"

కురుమూర్తి మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, చేతులు ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. "కుట్టింది ఏం జెండా నాయినా? అతుకులుంటయ్. గట్టిగ గుంజితే పిగుల్తది. మూడు రంగులు ఒకదాన్నొకటి పట్టుకొని ఒక్క బట్ట గావాలె. గా పని మన చేతుల ఉండంగ దర్జీ కాడికెందుకు?"

"మన చేతుల ఉన్నదనేరా కొంప మునిగింది!"

గద్వాల చీర కట్టినవాళ్లకు ఈ గొడవ చెప్పనక్కర్లేదు. కట్టనివాళ్లకు చెప్పాలి. చీర నడుమ బట్ట నూలు, అంచులు పట్టు. అంచుకొక నాడె, నడుమకొక నాడె. రెండు దారాలూ ఎదురుపడ్డ చోట ఒకదాన్నొకటి మెలిక వేసుకుని ఎవరి దారిన వాళ్లు వెనక్కి తిరగాలి. కురుమూర్తి చేసిందల్లా పట్టంచుకు బదులు ఒక పక్క కాషాయం, ఒక పక్క ఆకుపచ్చ ఎక్కించి, నడుమ తెలుపు నడిపించడం. చూడ్డానికి అంచులు మరీ వెడల్పైన చీర ముక్కలా ఉంటుంది. అయితే ఆ మెలిక ఉందే, అది పుట్టుమచ్చ లాంటిది. ఊళ్లో అందరూ దారాన్ని పైనుంచి తిప్పుతారు. వెంకటేశం తాతల నాటి నుంచీ వీళ్లింట్లో కిందినుంచి తిప్పుతారు. బిడ్డ మొహం చూసి తండ్రి పేరు చెప్పినట్టు చెప్పేయొచ్చు.

"నేనే పోత," అన్నాడు కురుమూర్తి. "నేనే నేసిన అని చెప్త. ఏం జేస్తరు?"

"ఏం జేస్తరా?" సుభద్రమ్మ కొడుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "వనపర్తిల పట్టుకపోయిన పోరగాండ్లు ఏడున్నరో ఇప్పటికి వాళ్ల తల్లులకు ఎరుక లేదు. నాగర్‌కర్నూల్ల ఒకణ్ని చేతులు ఇరగ్గొట్టి ఇడిచిపెట్టిర్రట. చేతులురా! చేతులు ఇరిగినంక సాలోడు ఏం తిని బతుకుతడు?"

ఆ మాటకు కురుమూర్తి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

పొయ్యి దగ్గర నుంచి సరోజ అంది, "ఆయన పోతే నేనూ పోత అత్తా. ఒక చెయ్యి ఆయనదైతే ఒక చెయ్యి నాది."

ఇంతసేపూ కొడుకు కోసం భయపడుతున్న సుభద్రమ్మకు ఆ మాటతో కోడలి భయమూ వచ్చి పడింది. ఈ పిల్ల మెతక అనుకుని తెచ్చుకున్నాం, బాగానే తెచ్చుకున్నాం అనుకుంది.

ఇంతలో వాకిట్లో గాజుల్లేని చేయి ఒకటి తలుపు నెట్టింది. జోగమ్మ. నెత్తి మీద కండెల గంప. జవాను గంప దించమని, లోపల చెయ్యి పెట్టి కెలికి, దారం చుట్టిన కండెలు తప్ప ఏమీ లేవని తేల్చుకుని వదిలిపెట్టాడు.

జోగమ్మ మొగుడు కిష్టయ్య ఈ ఇంట్లోనే పని నేర్చుకున్నాడు. వెంకటేశానికి తమ్ముడి లెక్క. మొన్నటి ఎండాకాలం గత్తర, అదే కలరా, వచ్చి ఒక్క పూటలో పోయాడు. పిల్లలు లేరు. అప్పటినుంచి వాళ్ల మగ్గం మూలపడింది. జోగమ్మ వీళ్లింటికే కండెలు చుట్టి పెడుతూ, పండక్కీ పబ్బానికీ ఇక్కడే ఇంత తింటూ బతుకుతోంది.

"బావా," అంది గంప దించి, గుసగుసగా. "కండ్లు కనపడతలేవని చెప్పు. ముసలోనివి, నమ్ముతరు. ఎవ్వల పేరూ ఎత్తకు."

"నాకు కండ్లు కనపడతలేవా?" వెంకటేశం ఛాతీ పొంగింది. "చీకట్ల ఇచ్చినా దారం నంబరు చెప్త!"

"చెప్పు చెప్పు, గద్వాల్ల అందరికి ఇనపడేటట్టు చెప్పు," అంది సుభద్రమ్మ పళ్లు కొరుకుతూ. పొద్దుటినుంచి ఈ ఇంట్లో పుట్టిన తెలివైన మాట జోగమ్మదొక్కటే. ఆమె దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. జోగమ్మ చెయ్యి వెచ్చగా ఉంది. తన చెయ్యే చల్లబడిపోయిందని అప్పుడు తెలిసింది.

"ఏమయ్యా, ఎంతసేపు?" అని జవాను అరిచాడు.

సుభద్రమ్మ కొంగు నడుముకు చుట్టి మొగుడి ముంజేయి పట్టుకుని బయటికి నడిచింది. జవాను లేచి, "నువ్వెందుకమ్మా? పెద్దాయన్నొక్కణ్నే రమ్మన్నరు," అన్నాడు.

"కండ్లు కనపడని మనిషి బిడ్డా. ఒక్కణ్ని ఎట్ల తోల్త? తొవ్వల గుంతల పడితే నువ్వు లేపుతవా?"

వెంకటేశం నోరు తెరిచాడు. ఆమె ముంజేతిని గిచ్చింది. నోరు మూతపడింది. ఆ క్షణం నుంచి గద్వాలలో అందరికన్నా చురుకైన కళ్లు గుడ్డివయ్యాయి.

బజారు బజారులా లేదు. దుకాణాల పలకలన్నీ దించేసి ఉన్నాయి. మొన్న బడి పిల్లలు జై కొడుతూ పోయిన దారిలో విరిగిన గాజు సీసాలు, ఎవరిదో ఒంటి చెప్పు. పడవెక్కి తుంగభద్ర దాటితే కర్నూలు, అక్కడ నిజాం జవాన్లు ఉండరు. అందుకని మూటాముల్లే సర్దుకున్న బండ్లు వరసగా అటే పోతున్నాయి. ఒక బండిలో ముసలామె ఒళ్లో కోళ్ల గంప పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా కూర్చుంది. కూడలి దగ్గర బల్లేలు పట్టిన రజాకార్లు కవాతు చేస్తున్నారు. రంగులద్దే లాల్‌సాబు తన తలుపు సందులోంచి వెంకటేశాన్ని చూసి, ఏదో అనబోయి తలుపు వేసుకున్నాడు. నలభై ఏళ్లుగా పండక్కి ఒకరింటికొకరు పాయసం పంపుకున్న ఇళ్లవి. ఇప్పుడు పలకరింపుకు కూడా భయమే.

సుభద్రమ్మ దారి పొడుగునా జమ్ములమ్మ తల్లికి మొక్కింది. ఏం మొక్కిందో ఆమెకే సరిగా తెలియదు. నా కొడుకు చేతులు, నా కొడుకు చేతులు అని మాత్రం అనుకుంది.

ఠాణాలో అమీను నులకమంచం మీద జెండా పరిచి పెట్టాడు. మనిషి నడివయసువాడు, నిద్ర లేని కళ్లు. కసిరేవాడిలా లేడు. అది ఇంకా భయపెట్టింది. సుభద్రమ్మ గడప బయటే కూలబడింది. అక్కడికే గంజి వాసన కొట్టింది. కొత్త గంజి. ఆమె ఇంటి గంజి, జొన్నపిండి కలిపి కాచింది. ఆ వాసన ఎవరికీ తెలియకపోతే బాగుండునని ఊపిరి బిగబట్టుకుంది, తాను పీల్చకపోతే మిగతావాళ్లకూ అందదన్నట్టు.

"రా ఉస్తాద్," అన్నాడు అమీను. "నీ కండ్ల గురించి ఊరంతా చెప్తున్నది. చూసి చెప్పు. ఎవరి చెయ్యి?"

"మసకలు సర్కార్. మనిషి మొహమే కానవస్తలేదు."

"అచ్ఛా." అమీను తల ఊపాడు. నమ్మినట్టే ఉన్నాడు. "పరవా లేదు. నీకు కొడుకున్నడు కదా? పడుచు కండ్లు. వాణ్ని పిలిపిస్త."

కండ్లు కనపడవన్న మాట ఇలా తిరిగి వస్తుందని జోగమ్మా అనుకోలేదు, సుభద్రమ్మా అనుకోలేదు.

"వాడెందుకు సర్కార్?" వెంకటేశం గొంతు గబగబా వచ్చింది. "వానికి ఇంకా చెయ్యే తిరగలే, కన్నెక్కడ తిరుగుతది? జర వెలుతురుకు జరపుర్రి. చేత్తో పట్టి చూస్త."

మంచం కిటికీ దగ్గరికి జరిపారు. వెంకటేశం వంగి, కాషాయమూ తెలుపూ కలిసిన చోట బొటనవేలితో రాశాడు. చివరి దాకా రాశాడు. మళ్లీ తెలుపూ ఆకుపచ్చా కలిసిన చోట. ఒక్క దారం ఎగుడు లేదు, ఒక్క దారం దిగుడు లేదు. ఆయన మొహంలోకి ఏదో వచ్చింది. సుభద్రమ్మ ఆ మొహాన్ని పోల్చుకుంది. కురుమూర్తి పుట్టినప్పుడు మంత్రసాని బయటికి తెచ్చి చూపిస్తే ఆయన మొహం అచ్చం ఇలాగే ఉండింది. ముసలాయన సంబరపడుతున్నాడు! ఠాణాలో, అమీను ముందర, కొడుకు పనితనం చూసి మురిసిపోతున్నాడు. దేవుడా, ఈ మనిషి మొహం మీద ఎవరైనా గుడ్డ కప్పండి అనుకుంది.

"ఎవరిది?" అన్నాడు అమీను.

"కిష్టయ్యది."

"ఎక్కడుంటడు?"

"కాటికాడ సర్కార్. మొన్న ఎండకాలం గత్తరల పాయె. పాత బట్ట ఇది. ఆయన బతికుండంగ నేసిపెట్టినట్టున్నడు. ఇప్పుడెవడో తెచ్చి కట్టిండు."

సుభద్రమ్మ బిగబట్టిన ఊపిరి వదిలింది. ఈ మనిషికి ఇంత తెలివి ఎక్కడ దాక్కుందో! చచ్చినవాణ్ని ఎవరు జైల్లో వేస్తారు? చేతులు ఎవరు విరగ్గొడతారు? కింది మెలిక కిష్టయ్యకూ వచ్చు, ఊరంతా సాక్ష్యం. మనసులోనే కిష్టయ్యకు దండం పెట్టుకుంది.

అక్కడితో ఆపితే సరిపోయేది. అమీను కూడా చాలనుకున్నట్టు జెండా మడవబోయాడు. కానీ వెంకటేశం చెయ్యి ఇంకా బట్ట మీదే ఉంది. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు, బతికినన్నాళ్లూ కిష్టయ్య మెలికకు వంకలు పెట్టిన మనిషి ఇప్పుడు పొగడడం మొదలుపెట్టాడు. అబద్ధానికి బలం చేకూరుద్దామనుకున్నాడో, కొడుకును పైకి పొగడలేక ఆ ముసుగులో పొగుడుకున్నాడో.

"చూడుర్రి సర్కార్, ఏడన్న సందున్నదా? గట్లాంటి జోడు గద్వాల్ల ఇంకొకటి లేకుండె. రెండు చేతులు ఒక్క మనిషివే అన్నట్టుండె. ఇటుకెల్లి వాడు దారం తిప్పి ఇడిచిపెడితే, అటుకెల్లి..."

ఆగిపోయాడు.

"అటుకెల్లి?" అన్నాడు అమీను.

సాలెవాడు మెలికను పొగిడితే జోడును పొగడక తప్పదు. ఒంటిచేత్తో మెలిక పడదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ వెంకటేశం ఏ చీరనూ ఒకడి పని అని అనలేదు. ఆ అలవాటే ఇప్పుడు పీక పట్టుకుంది.

"అటుకెల్లి ఎవరు ఉస్తాద్?"

వెంకటేశం బట్ట మీదినుంచి చెయ్యి తీసేశాడు.

గుమ్మం దగ్గరి జవాను గొంతు సవరించుకున్నాడు. "ఆయన పెండ్లాం ఉంటది సర్కార్. జోగమ్మ. ఇప్పుడే వీళ్లింట్ల చూసొచ్చిన. కండెల గంప తీసుకొచ్చింది."

"తీసుకురా," అన్నాడు అమీను. టీ తెమ్మన్నంత మామూలుగా అన్నాడు.

జవాను పోయాడు. అమీను లోపలి గదిలోకి పోయాడు. మొగుడూ పెళ్లాం మధ్య గడప మిగిలింది.

"ఏం జేస్తివయ్యా?" అంది సుభద్రమ్మ.

"సచ్చినోని పేరే చెప్పిన గదనే."

"మగ్గం మీద ఒక్కడే నేస్తడా? గింత బతుకు బతికి గది మరిస్తివా?"

"మరి ఎవ్వల పేరు చెప్పాలె? వాని పేరు చెప్పాల్నా? చెప్పు. చెప్పమంటే ఇప్పుడే చెప్త."

సుభద్రమ్మ చెప్పమనలేదు. వద్దనీ అనలేదు.

ఆమె లోపల ఒక మాట మెల్లగా తల ఎత్తింది. జోగమ్మ ఒంటరిది. ముందూ వెనకా ఎవరూ లేరు. ఆడమనిషిని ఎన్నాళ్లు పెడతారు, నాలుగు కసిరి పంపేస్తారు. కురుమూర్తినైతే పంపరు. ఆ మాట తనదేనని తెలిసి సుభద్రమ్మకు తన మీద తనకే రోత పుట్టింది. కిష్టయ్య శవం లేచిన పూట తన ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చిన మనిషి జోగమ్మ. పొద్దున తన చేతిని వెచ్చబరిచిన మనిషి. అయినా ఆ మాట పోలేదు. రోతతో పాటే అదీ కూర్చుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, పోకచెక్కకు కనీసం ఎవరిని నరకాలో ఎంచుకునే పని ఉండదు.

జోగమ్మ వచ్చింది. చేతివేళ్లకు దారం నూగు ఇంకా అంటుకుని ఉంది. గడప దాటుతూ సుభద్రమ్మ భుజం మీద చెయ్యి వేసి, "పరేషాన్ గాకు అక్కా," అని లోపలికి పోయింది. తనను ఎందుకు పిలిచారో ఆమెకింకా తెలియదు.

అమీను జెండా చూపించాడు. "నీ మొగుడు నేసిందేనా? నువ్వు పక్కన కూసున్నవా?"

జోగమ్మ ముందర ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత వంగింది. చేతులు కొంగుకు తుడుచుకుని, మెలిక పట్టి చూసింది. సుభద్రమ్మ ఆమె వేలినే చూస్తూ ఉంది. ఆ వేలు ఒక చోట ఆగింది. అది కురుమూర్తి చెయ్యని జోగమ్మకు తెలిసిపోయింది. తన మొగుడి పక్కన కూర్చుని ఎన్ని చీరలు దించిందో, ఆయన చెయ్యి కానిది ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"నా మొగని చెయ్యని ఎవరన్నరు సర్కార్?"

"ఈ ఉస్తాదే."

జోగమ్మ వెంకటేశం వైపు తిరిగింది. ఆయన తల నేల నుంచి లేవలేదు. తలపాగా మాత్రం కనిపిస్తోంది. ఆమె చాలాసేపు ఆ తలపాగానే చూసింది. తిడుతుందనుకుంది సుభద్రమ్మ. తిడితే బాగుండేది. జోగమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ రాలలేదు.

"బావ మాటకు నేను ఒప్పుకోను," అంది చివరికి. "బావ మొగోడు. మొగోళ్లు ఠాణాల ఏదన్న అంటరు. అక్క చెప్పనీ."

"ఎవరు అక్క?"

"గడప కాడ కూసున్నది. నా మొగని చెయ్యి ఆమెకూ ఎరుకే, నా చెయ్యీ ఎరుకే. ఇద్దరికీ అన్నం పెట్టిన మనిషి. ఆమె నా మొహం చూసి, ఇది నీదే జోగీ అనాలె. అంటే నాదే. ఇంకో మాట మాట్లాడ. ఏడికి రమ్మంటే ఆడికి వస్త."

అమీను గడప వైపు తిరిగాడు. ఇంతసేపూ అక్కడొక ఆడమనిషి ఉన్న సంగతే అతనికి పట్టలేదు. ఇప్పుడు ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు.

"నీ కొడుకు పేరేందమ్మా?" అన్నాడు. ఆ తర్వాత తనే చెయ్యి ఊపి, "అది తర్వాత. ముందు ఇది చెప్పు. ఎవరి చెయ్యి?"

"సుభద్రా!" అన్నాడు వెంకటేశం. నలుగురిలో ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. బతిమాలుతున్నాడో, ఆపుతున్నాడో ఆ గొంతులో తేలలేదు.

సుభద్రమ్మ గోడ పట్టుకుని లేచింది. గడప దాటి లోపలికి వచ్చి, జెండా వైపు చూడకుండా, జోగమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెప్త," అంది.